లక్ష పేజీల ఓసీఆర్, 128 కోర్లు, ఒక గంట: పెద్ద పనిని ముక్కలు చేసి పంచే పద్ధతి

పాత తెలుగు పుస్తకాల స్కాన్లు 90,000 పేజీలు, పాత దినపత్రికల స్కాన్లు 10,000 పేజీలు ఉన్నాయి. అన్నిటినీ టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్‌తో ఓసీఆర్ చేసి, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తించి, టెక్స్ట్ తియ్యాలి. పుస్తకం పేజీకి 2 సెకన్లు, కాలమ్‌లూ ప్రకటనలూ కిక్కిరిసిన పత్రిక పేజీకి 22 సెకన్లు పడుతుందనుకుందాం. మొత్తం 4 లక్షల సెకన్ల పని. ఒక్క కోర్ (ప్రాసెసర్‌లో పనిని నడిపే భాగం) మీద నడిపితే నాలుగున్నర రోజులు దాటుతుంది. మన దగ్గర 16 కోర్ల మెషీన్లు ఎనిమిది, అంటే 128 కోర్లు ఉన్నాయి. భాగిస్తే 3,125 సెకన్లు, అంటే 52 నిమిషాలు.

ఈ 52 నిమిషాలు కాగితం మీది లెక్క. ఇవే మెషీన్ల మీద ఇదే పని ఐదు గంటలు పట్టేలా పంచడం ఏమంత కష్టం కాదు, చాలామంది అలాగే పంచుతారు కూడా. పని ఎప్పుడు ముగుస్తుందో తేల్చేది అందరికంటే ఆలస్యంగా ముగించే వర్కర్, అంటే తన వంతు పని చేస్తూ నడిచే ప్రాసెస్. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ ఆఖరి వర్కర్ ఆలస్యాన్ని తగ్గించడానికే. అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి. మీ పనికి మీ అంకెలు వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

అడుగు 1: పంచే ముందు కొలవండి

మొత్తం పేజీల్లోంచి ఓ రెండు మూడు వందలు యాదృచ్ఛికంగా ఏరుకోండి. ఫోల్డర్‌లో మొదటి మూడు వందలు తీసుకోవద్దు, అవన్నీ ఒకే పుస్తకంవి అయ్యుంటాయి. ఒక్కో పేజీకి పట్టిన సమయం, వాడిన మెమరీ, ఫైల్ సైజు రాసిపెట్టుకోండి.

సగటు చూసి ఆగిపోకండి. మన ఉదాహరణలో సగటు 4 సెకన్లు. కానీ 4 సెకన్లు పట్టే పేజీ ఒక్కటీ లేదు, ఉన్నవి 2 సెకన్లవీ 22 సెకన్లవీ. పంపకం ఎలా ఉండాలో చెప్పేవి రెండు సంగతులు: అతి పెద్ద టాస్క్ ఎంత, పెద్ద టాస్కులన్నీ ఒకేచోట గుంపుగా ఉన్నాయా లేక చెదిరి ఉన్నాయా. స్కాన్ ఫోల్డర్లలో అవి దాదాపు ఎప్పుడూ గుంపుగానే ఉంటాయి.

తర్వాత ఓవర్‌హెడ్, అంటే అసలు పని కాని అదనపు ఖర్చు, కొలవండి. ఒకే పుస్తకం పేజీ ఇచ్చి నడిపితే 3.5 సెకన్లు, అలాంటివే 20 పేజీలు ఒకే ప్రాసెస్‌కి ఇస్తే 41.5 సెకన్లు పట్టిందనుకోండి. తేడా 38 సెకన్లు, 19 పేజీలకు. అంటే పేజీకి 2 సెకన్లు అసలు పని, మిగిలిన 1.5 సెకన్లు ప్రాసెస్ లేవడానికీ భాషా మోడల్ లోడ్ కావడానికీ పట్టే ఖర్చు. ముక్క సైజు తేల్చేటప్పుడు ఈ 1.5 అవసరమవుతుంది.

ఇంకో కొలత: పంచడానికి వీల్లేని పని ఎంత? ఫైళ్ల జాబితా తయారు చెయ్యడం, చివర ఫలితాలన్నీ కలిపి ఇండెక్స్ కట్టడం లాంటివి ఒక్క కోర్ మీదే నడుస్తాయి. కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పింది ఈ భాగం గురించే. పనిలో 5 శాతం పంచలేనిదైతే ఎన్ని కోర్లు తగిలించినా వేగం 20 రెట్లు మించదు, 128 కోర్లకు వచ్చేది సుమారు 17 రెట్లే. మన పనిలో ఆ భాగం పది నిమిషాలు అనుకుంటే మొత్తం 62 నిమిషాలు. కోర్లు పది రెట్లు చేసినా పదిహేను నిమిషాల కిందికి రాదు. ఆ దశలో మెషీన్లు కొనడం కంటే ఇండెక్స్ కట్టే కోడ్ మీద ఒక పూట కూర్చోవడం చవక.

అడుగు 2: ఒక్క మెషీన్‌ని ముందు సరిచేయండి

టెసరాక్ట్ 4 నుంచి ఒక్కో పేజీకీ తానే నాలుగు థ్రెడ్‌లు (ఒకే ప్రాసెస్‌లో సమాంతరంగా నడిచే పాయలు) వాడుకోగలదు, లోపల పనిని థ్రెడ్‌లకు పంచే ఓపెన్‌ఎంపీ ఉంది. 16 కోర్లకు 16 ప్రాసెస్‌లు లేపితే ఒక్కోటీ నాలుగేసి థ్రెడ్‌లు తెరుస్తుంది. 16 కోర్ల కోసం 64 థ్రెడ్‌లు కొట్టుకుంటాయి. టాప్ కమాండ్‌లో సీపీయూ వంద శాతం కనిపిస్తుంది, పని మాత్రం నత్తనడక. ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1గా పెట్టండి. పేజీలు లక్ష ఉన్నప్పుడు పేజీ లోపల పనిని పంచాల్సిన అవసరం లేదు, పేజీలనే పంచితే చాలు. నమ్‌పై, పైటార్చ్ లాంటి లైబ్రరీల విషయంలోనూ ఇదే జాగ్రత్త. అవి కూడా చెప్పకుండానే థ్రెడ్‌లు తెరుస్తాయి.

వర్కర్ల సంఖ్యను కోర్లతో పాటు మెమరీ కూడా నిర్ణయిస్తుంది. పెద్ద పత్రిక పేజీ ఒక్కోటి ఒకటిన్నర జీబీ తినేస్తుంటే 16 జీబీ మెషీన్‌లో 16 వర్కర్లు పెట్టకూడదు. సగటు రోజున నడుస్తుంది, పత్రికలన్నీ ఒకేసారి వచ్చిన క్షణాన ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ ఏదో ఒక వర్కర్‌ని చంపేస్తుంది. క్లౌడ్‌లో అద్దెకు తీసుకుంటే ఇంకో సంగతి గమనించండి. ఇంటెల్ ప్రాసెసర్ల మెషీన్లలో ఒక వీసీపీయూ అంటే సాధారణంగా ఒక హైపర్‌థ్రెడ్, పూర్తి కోర్ కాదు. వర్కర్లను 8, 12, 16గా మార్చి మార్చి చూసి, నిమిషానికి ఎక్కువ పేజీలు వచ్చే సంఖ్య దగ్గర ఆగండి.

అడుగు 3: ముందే సమానంగా పంచేస్తే ఏమవుతుందో లెక్క వేయండి

అందరికీ మొదట తట్టేది: లక్షను 128తో భాగించి తలా 781 పేజీలు వరుసగా ఇచ్చెయ్యడం. దీన్ని స్టాటిక్ పంపకం అంటారు. పుస్తకాలు వచ్చినవాడు 781 పేజీలు 26 నిమిషాల్లో ముగిస్తాడు. పత్రికలు వచ్చిన పన్నెండు పదమూడు మందికి 17,182 సెకన్లు, అంటే 4 గంటల 46 నిమిషాలు పడుతుంది. 115 కోర్లు నాలుగు గంటలకు పైగా ఊరికే కూర్చుంటాయి. పేజీల సంఖ్య సమానంగా పంచాం, పని సమానంగా పంచలేదు.

పేకముక్కలు పంచినట్టు ఒకటో పేజీ ఒకటో వర్కర్‌కి, రెండోది రెండో వర్కర్‌కి అంటూ తిప్పి పంచితే బాగుపడుతుంది. ఒక్కొక్కరికీ దాదాపు 78 పత్రిక పేజీలు, 703 పుస్తకం పేజీలు వచ్చి లెక్క 52 నిమిషాలకే వస్తుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. దినపత్రిక సంచిక ఎనిమిది పేజీలదైతే, 128 ఎనిమిదికి గుణిజం కాబట్టి ప్రతి సంచికలోని వర్గీకృత ప్రకటనల పేజీ ఎప్పుడూ అవే పదహారు మంది వర్కర్లకు పోతుంది. డేటాలో ఇలాంటి ఆవృత్తి ఉందేమోనని వెతుక్కునే బదులు జాబితాను ఒకసారి షఫుల్ చేసి పంచడం మేలు. కమాండ్‌లను సమాంతరంగా నడిపే గ్నూ ప్యారలల్‌లో దీనికి షఫ్ అనే ఆప్షనే ఉంది.

స్టాటిక్ పంపకాన్ని పూర్తిగా తీసిపారేయకండి. టాస్కులన్నీ ఒకే సైజులో ఉండి, మెషీన్లన్నీ ఒకే రకానివై, వేరేవాళ్ల పని వాటి మీద నడవనప్పుడు దాన్ని మించింది లేదు. మధ్యలో ఎవరినీ అడగక్కర్లేదు, డేటా ఏ మెమరీలో ఉందో అక్కడే ఉంటుంది. మ్యాట్రిక్స్ గుణకారాలకు అదే సరి. ఓసీఆర్, వీడియో మార్పిడి, వెబ్ పేజీలు దించడం లాంటి ఎగుడుదిగుడు పనులకు మాత్రం పనికిరాదు.

అడుగు 4: ఖాళీ అయినవాడే వచ్చి అడిగి తీసుకునేలా పెట్టండి

డైనమిక్ పంపకం అంటే ఇదే. మధ్యలో ఒక క్యూ ఉంటుంది. వర్కర్ ఒక ముక్క తీసుకుని, ముగించి, మళ్లీ వచ్చి ఇంకోటి తీసుకుంటాడు. ఎవరికి ఎంత ఇవ్వాలో ముందే ఊహించక్కర్లేదు. నెమ్మది మెషీన్ తక్కువసార్లు వస్తుంది, వేగంగా ఉన్నది ఎక్కువసార్లు వస్తుంది.

రోనాల్డ్ గ్రాహం 1966లో బెల్ ల్యాబ్స్‌లో ఉండగా ఈ పద్ధతికి ఒక హామీ నిరూపించారు. ఖాళీగా ఉన్నవాడికి వెంటనే పని ఇస్తూ పోతే, ఏ వరుసలో ఇచ్చినా, పట్టే సమయం సాధ్యమైనంత మంచి పంపకానికి రెండు రెట్లు దాటదు. లెక్క పెట్టుకోవడానికి దీన్ని ఇంకోలా రాసుకోవచ్చు: మొత్తం పనిని వర్కర్లతో భాగించగా వచ్చినదానికి అతి పెద్ద ముక్క సమయం కలపండి, మీ పని అంతకు ముందే ముగుస్తుంది. టాస్కులు ఒకదానిమీద ఒకటి ఆధారపడనప్పుడు ఇది ఎప్పుడూ నిజం. ముక్క సైజు మన చేతిలోనే ఉంది కాబట్టి ఆలస్యం కూడా మన చేతిలోనే ఉంది.

క్యూ కోసం భారీ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక్క మెషీన్ అయితే గ్నూ ప్యారలల్ చాలు, అది స్వతహాగా డైనమిక్. ఎనిమిది మెషీన్లయితే రెడిస్ లిస్ట్ గానీ, పోస్ట్‌గ్రెస్‌లో ఒక టేబుల్ గానీ చాలు, రెండూ డేటాబేస్‌లే. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ఉన్న స్కిప్ లాక్డ్ సదుపాయం సరిగ్గా ఇలాంటి క్యూలకు పనికొస్తుంది. ఇద్దరు వర్కర్లు ఒకే వరుసను తీసుకోకుండా, ఒకరికోసం ఒకరు ఆగకుండా చూస్తుంది.

డిఫాల్ట్‌ల దగ్గర మాత్రం కళ్లు తెరిచి ఉండండి. పైథాన్ మల్టీప్రాసెసింగ్ పూల్‌లోని మ్యాప్ చూడటానికి డైనమిక్‌లా ఉంటుంది. ముక్క సైజు చెప్పకపోతే అది జాబితాను వర్కర్ల సంఖ్యకు నాలుగు రెట్ల ముక్కలుగా మాత్రమే కోస్తుంది. ఒక్క మెషీన్‌లో 16 వర్కర్లతో మన లక్ష పేజీలు ఇస్తే 64 ముక్కలు, ఒక్కోటి 1,563 పేజీలు. జాబితాలో పత్రికలు చివర ఉన్నాయనుకోండి. పత్రికల ముక్క ఒక్కటే తొమ్మిదిన్నర గంటలు నడుస్తుంది. ఏడు గంటల్లో అవ్వాల్సిన పని పన్నెండు దాటుతుంది, పదహారు మందిలో తొమ్మిది మంది మూడున్నర గంటలకే ఖాళీ అయిపోతారు. ముక్క సైజు మీరే చెప్పండి, లేదా ఫలితాల వరుసతో పని లేకపోతే ఐమ్యాప్ అనార్డర్డ్ వాడండి. పైథాన్‌లో టాస్కుల క్యూ నడిపే సెలెరీ వాడేవాళ్లకు ఇలాంటిదే ఇంకోటి: ప్రతి వర్కర్ ప్రాసెస్‌కీ నాలుగేసి టాస్కులు ముందే లాగి పెట్టుకోవడం దాని డిఫాల్ట్. పొడవైన టాస్కులకు ఆ ప్రీఫెచ్‌ని 1 చేయండి, లేకపోతే ఖాళీ వర్కర్ పక్కనే ఉన్నా టాస్క్ బిజీ వర్కర్ జేబులో ఇరుక్కుని ఉంటుంది.

సీ, ఫోర్‌ట్రాన్‌లో లూప్‌లు పంచేవాళ్లకు ఓపెన్‌ఎంపీలో ఇవే స్టాటిక్, డైనమిక్, గైడెడ్ అనే పేర్లతో దొరుకుతాయి. గైడెడ్‌లో మొదట పెద్ద ముక్కలు, పని తరిగేకొద్దీ చిన్న ముక్కలు వస్తాయి. పాలిక్రోనోపోలస్, కుక్ 1987లో ఇచ్చిన ఆలోచన అది. బరువైన టాస్కులు లూప్ మొదట్లోనే గుమికూడి ఉంటే మాత్రం గైడెడ్ బెడిసికొడుతుంది, ఎందుకంటే అప్పుడే అది అతి పెద్ద ముక్కలు ఇస్తుంది. షెడ్యూల్‌ని రన్‌టైమ్ అని రాసి కంపైల్ చేస్తే, ఓఎంపీ షెడ్యూల్ అనే వేరియబుల్ మార్చుతూ మూడింటినీ మళ్లీ కంపైల్ చెయ్యకుండానే పోల్చి చూడొచ్చు.

అడుగు 5: ముక్క సైజు తేల్చండి

ఇక్కడ తొందరపడకండి, మొత్తం ఫలితం చాలావరకు ఈ ఒక్క అంకె మీదే ఉంటుంది.

ఒక్కో పేజీని ఒక ముక్క చేస్తే లక్ష సార్లు 1.5 సెకన్ల ఓవర్‌హెడ్. లక్షన్నర సెకన్లు అదనం, పని 37.5 శాతం పెరిగినట్టు. 20 పేజీల ముక్కలు చేస్తే 5,000 ముక్కలు, 7,500 సెకన్ల అదనం, రెండు శాతం లోపే. కానీ 20 పత్రిక పేజీల ముక్క 440 సెకన్లు నడుస్తుంది. దురదృష్టవశాత్తూ అది చివర్లో మొదలైతే ఏడు నిమిషాలకు పైగా అందరూ ఒక్కడి కోసం ఆగాలి.

పేజీల లెక్కన కోయడం మానేసి సమయం లెక్కన కోయండి. ప్రతి ముక్కా సుమారు 60 సెకన్లు ఉండేలా పుస్తకాలైతే 30 పేజీలు, పత్రికలైతే 3 పేజీలు. ఏది పుస్తకమో ఏది పత్రికో తెలియకపోతే మొదటి అడుగులో రాసుకున్న ఫైల్ సైజు వాడండి. ఖచ్చితమైన అంచనా అక్కర్లేదు, ఉజ్జాయింపు చాలు. ఇప్పుడు 3,000 పుస్తకం ముక్కలు, 3,334 పత్రిక ముక్కలు, మొత్తం 6,334. ఓవర్‌హెడ్ 9,500 సెకన్లు. మొత్తం 4,09,500ని 128తో భాగిస్తే 3,200 సెకన్లకు ఒకటి తక్కువ. దానికి అతి పెద్ద ముక్క 67 సెకన్లు కలిపితే 55 నిమిషాల లోపు పని ముగిసి తీరాలి. మెషీన్లు ఆరోగ్యంగా ఉంటే ఇది హామీ.

కొత్త పనికి నేను మొదట వేసుకునే అంకెలు ఇవి. ఓవర్‌హెడ్ ముక్క సమయంలో 2 నుంచి 5 శాతం దాటకూడదు. ఒక్కో వర్కర్‌కి ఇరవై నుంచి యాభై ముక్కల దాకా రావాలి. రెండూ కుదరకపోతే ఓవర్‌హెడ్‌నే తగ్గించే దారి చూడాలి. మన పనిలో అది తేలిక: మోడల్‌ని ఒకసారి లోడ్ చేసుకుని ఆగకుండా నడిచే వర్కర్‌ని రాస్తే ఆ 1.5 సెకన్లు వర్కర్‌కి ఒక్కసారే పడతాయి, ఒక్కో పేజీని ఒక ముక్కగా ఇచ్చినా నష్టం ఉండదు.

స్పాట్ మెషీన్లు (క్లౌడ్‌లో చవకగా ఇచ్చి, అవసరమైతే వెనక్కి తీసుకునేవి) వాడితే 60 సెకన్ల ముక్కకు ఇంకో లాభం. అమెజాన్ స్పాట్ మెషీన్‌ను వెనక్కి తీసుకునే ముందు రెండు నిమిషాల నోటీసు ఇస్తుంది. చేతిలో ఉన్న ముక్క ఆలోపు ముగిసిపోతుంది.

అడుగు 6: బరువైనవి ముందు

క్యూలో వరుస కూడా ముఖ్యమే. ఇద్దరు వర్కర్లు, మూడు టాస్కులు: 1, 1, 2 గంటలు. ఆ వరుసలోనే ఇస్తే చెరో గంట పని చేశాక రెండు గంటల టాస్క్ ఒకడి మీద పడి మొత్తం 3 గంటలవుతుంది. 2ని ముందు ఇస్తే 2 గంటల్లో ముగుస్తుంది. పెద్దవి ముందు, చిన్నవి వెనక పెట్టే ఈ పద్ధతికి ఎల్‌పీటీ అని పేరు. ఇలా చేస్తే అత్యుత్తమ పంపకానికి మూడింట నాలుగు వంతుల రెట్లు దాటదని గ్రాహమే 1969లో చూపించారు. అప్పుడప్పుడు ఇదీ తప్పుతుంది. ఇద్దరికి 3, 3, 2, 2, 2 ఇస్తే ఎల్‌పీటీ 7 తెస్తుంది, రెండు మూళ్లు ఒకడికీ మూడు రెళ్లు ఇంకొకడికీ ఇస్తే 6 చాలు. ఆ చివరి ఒకటి కోసం పోరాడటం దండగ. అత్యుత్తమ పంపకం కనిపెట్టే సమస్య ఎన్‌పీ హార్డ్, అంటే వేగంగా తేల్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ తెలియదు, ముక్కలు చిన్నవైతే తేడా కూడా అంతే చిన్నదవుతుంది.

మన క్యూలో పత్రికల ముక్కలన్నీ ముందు, పుస్తకాలవి వెనక పెట్టండి. చివరి నిమిషాల్లో చిన్న ముక్కలుంటే అందరూ దాదాపు ఒకేసారి లేస్తారు.

అడుగు 7: ఏదో ఒకటి పోతుందని ముందే ఒప్పుకుని రాయండి

వర్కర్ ముక్క తీసుకుని చచ్చిపోతే ఆ ముక్క తిరిగి క్యూలోకి రావాలి. అందుకే క్యూలు ముక్కను వెంటనే తీసెయ్యవు, కొంతసేపు దాచి ఉంచుతాయి. ఆలోపు అయిందని కబురు రాకపోతే ఇంకొకరికి ఇస్తాయి. అమెజాన్ క్లౌడ్‌లోని క్యూ సేవ ఎస్‌క్యూఎస్‌లో ఆ గడువు డిఫాల్ట్‌గా 30 సెకన్లు. మన ముక్క 60 సెకన్లు. ఏమవుతుందో ఊహించండి: వర్కర్ బతికే ఉంటాడు, పని చేస్తూనే ఉంటాడు, ఇంకొకడికి అదే ముక్క పోతుంది. పని రెట్టింపు అవుతుంది, ఎక్కడా ఎర్రర్ కనపడదు. గడువును అతి పెద్ద ముక్కకు కనీసం మూడు నాలుగు రెట్లు పెట్టండి.

ఒక ముక్క రెండుసార్లు నడిచినా ఫలితం చెడకూడదు. ఫలితాన్ని తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అదే ఫైల్‌సిస్టమ్‌లో అసలు పేరుకు మార్చండి. పేరు మార్పు ఒక్క దెబ్బలో జరుగుతుంది కాబట్టి సగం రాసిన ఫైల్ ఎవరి కంటా పడదు. పని మొదలుపెట్టే ముందు ఫలితం అప్పటికే ఉందేమో చూసుకుంటే, మొత్తం జాబ్ మధ్యలో ఆగినా అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు.

పాడైన స్కాన్ ఒకటి ఉంటుంది. దాన్ని ముట్టుకున్న ప్రతి వర్కరూ కూలిపోతాడు, అది మళ్లీ క్యూలోకి వస్తుంది, ఇంకొకర్ని కూలుస్తుంది. మూడు ప్రయత్నాల తర్వాత దాన్ని పక్క జాబితాలోకి తోసెయ్యండి. ఒక్కో పేజీకి సమయ పరిమితి కూడా పెట్టండి, లేకపోతే ఒక్క పేజీ దగ్గర వర్కర్ రాత్రంతా వేలాడవచ్చు.

అడుగు 8: చివరి కొన్ని ముక్కలకు నకళ్లు పంపండి

ముక్కలన్నీ సమానంగా కోసినా ఒక మెషీన్ జబ్బుపడితే లెక్క తప్పుతుంది. గూగుల్‌లో జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ 2004లో ప్రచురించిన మ్యాప్‌రెడ్యూస్ పత్రంలో ఇలాంటి కేసులు రాశారు. డిస్క్ పాడవుతూ సెకనుకు 30 ఎంబీ చదవాల్సింది 1 ఎంబీ చదివింది. మెషీన్ మొదలయ్యేటప్పటి కోడ్‌లో ఒక బగ్ ప్రాసెసర్ క్యాష్‌లను ఆపేసి పనిని వంద రెట్లకు పైగా నెమ్మది చేసింది. మెషీన్ చచ్చిపోతే తెలుస్తుంది, ఇలా ఈడుస్తూ బతికుంటేనే తెలియదు.

వాళ్ల మందు చాలా సాదా. మొత్తం పని ముగింపుకు వచ్చినప్పుడు, ఇంకా నడుస్తున్న ముక్కలకు నకళ్లు ఖాళీ మెషీన్లకు ఇచ్చి, ఏది ముందు ముగిస్తే దాన్ని తీసుకున్నారు. ఆ సదుపాయం ఆపేసి సార్టింగ్ ప్రోగ్రామ్ నడిపితే 44 శాతం ఎక్కువ సమయం పట్టిందని అదే పత్రంలో ఉంది. పెద్ద డేటాను అనేక మెషీన్లకు పంచి నడిపే హడూప్, స్పార్క్‌లలో ఇది స్పెక్యులేటివ్ ఎగ్జిక్యూషన్ పేరుతో ఉంది. మీ సొంత క్యూలో అయితే: కొత్త ముక్కలు అయిపోయి, నడుస్తున్నది మధ్యస్థ సమయానికి రెండు రెట్లు దాటితే నకలు పంపండి. ఏడో అడుగులోని రెండుసార్లు నడిచినా చెడకూడదనే నియమం పాటించి ఉంటేనే ఇది క్షేమం. ముక్కే బరువైనదైతే నకలు వల్ల లాభం లేదు, ఏ మెషీన్‌లోనైనా అంతే సమయం పడుతుంది.

అడుగు 9: డేటా దారి చూసుకోండి

128 వర్కర్లు ఒకే నెట్‌వర్క్ డిస్క్ మీద లక్ష చిన్న ఫైళ్లు తెరిస్తే సీపీయూలు డిస్క్ కోసం ఎదురుచూస్తాయి. ఫైల్ తెరిచే ప్రతిసారీ అది ఎక్కడుందో చెప్పే మెటాడేటా సర్వర్‌ని పలకరించాలి. ఒక ముక్కలోని పేజీలన్నీ ఒకే టార్ ఫైల్‌గా కట్టి, వర్కర్ దాన్ని లోకల్ ఎస్‌ఎస్‌డీకి దించుకుని పని చేసేలా పెట్టండి. డేటా అప్పటికే ఏదో ఒక మెషీన్‌లో ఉంటే పనినే అక్కడికి పంపడం ఇంకా మంచిది. స్పార్క్ డేటా ఉన్న మెషీన్ ఖాళీ అవుతుందేమోనని డిఫాల్ట్‌గా 3 సెకన్లు ఆగి చూసి, ఆ తర్వాతే వేరేచోటికి పంపుతుంది. సెకను లోపు ముగిసే టాస్కులకు ఆ 3 సెకన్లు చాలా ఎక్కువ, తగ్గించుకోండి.

అడుగు 10: షేర్డ్ క్లస్టర్ అయితే వరుసలో తెలివిగా నిలబడండి

యూనివర్సిటీలూ పరిశోధనా సంస్థల క్లస్టర్లలో సాధారణంగా స్లర్మ్ ఉంటుంది, ఎవరి జాబ్ ఎప్పుడు ఎక్కడ నడవాలో తేల్చే షెడ్యూలర్ అది. నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో పెట్టిన పరమ్ సేవ లాంటి మెషీన్ మీద అకౌంట్ ఉన్నవాళ్లు ఈ అడుగు జాగ్రత్తగా చదవాలి.

6,334 ముక్కల్ని 6,334 జాబ్‌లుగా వెయ్యకండి. స్లర్మ్ డిఫాల్ట్ సెట్టింగ్‌లో జాబ్ అర్రే సూచిక 1,000 దాటదు, దాటనిచ్చినా షెడ్యూలర్‌ని ఉక్కిరిబిక్కిరి చేస్తే అడ్మిన్ నుంచి మెయిల్ వస్తుంది. 128 వర్కర్ జాబ్‌ల అర్రే వేసి, ఒక్కోటీ మీ క్యూలోంచి ముక్కలు లాక్కునేలా రాయండి. 128 కోర్లూ ఒకేసారి కావాలని ఒకే పెద్ద జాబ్ అడిగితే అన్నీ ఖాళీ అయ్యేదాకా కూర్చోవాలి. ఒక్క కోర్ జాబ్‌లైతే దొరికినవి దొరికినట్టు మొదలవుతాయి.

సమయ పరిమితి నిజాయితీగా రాయండి. భయంతో 48 గంటలు అడగడం అలవాటైపోయింది చాలామందికి. స్లర్మ్‌లో బ్యాక్‌ఫిల్ ఉంటుంది. పెద్ద జాబ్ కోసం కోర్లు కూడబెడుతున్నప్పుడు మధ్యలో మిగిలే ఖాళీల్లో, ఆలోపు ముగిసే చిన్న జాబ్‌లను దూరుస్తుంది. గంటన్నర అడిగిన జాబ్ అందులో పడుతుంది, 48 గంటలు అడిగింది పడదు. పరిమితి దాటితే జాబ్ పోతుందన్న టెన్షన్ అక్కర్లేదు, ముగిసిన ముక్కలు ఎలాగూ భద్రంగా ఉన్నాయి.

పని ముక్కలు ఒకదానిమీద ఒకటి ఆధారపడితే

ఓసీఆర్ అయ్యాక మాటల పట్టిక కట్టాలనుకోండి. మాటల్ని మొదటి అక్షరాన్ని బట్టి వర్కర్లకు పంచాలనిపిస్తుంది. అకారం, ప, మ, వ వచ్చినవాళ్లు మునిగిపోతారు, ణ, ళ వచ్చినవాళ్లకు పనే ఉండదు. హ్యాష్ చేసి, అంటే మాటను ఒక సూత్రంతో చెదిరిన అంకెగా మార్చి, దాన్ని బట్టి పంచితే చాలావరకు సర్దుకుంటుంది. అయినా ‘ఈ’, ‘ఆ’ లాంటి మాటలు ఏదో ఒక్క వర్కర్ దగ్గరే కుప్ప పడతాయి. ప్రతి మెషీన్ తన దగ్గరి లెక్కను ముందే కూడి ఒక్క అంకెగా పంపితే ఆ కుప్ప మాయమవుతుంది. కూడటానికి వీలుకాని జాయిన్‌లలో (రెండు టేబుళ్లను ఒక ఉమ్మడి విలువ, అంటే కీ, ఆధారంగా కలిపే పనుల్లో) బరువైన కీకి 0 నుంచి 9 వరకు ఒక తోక తగిలించి పది ముక్కలు చెయ్యాలి, రెండోవైపు టేబుల్‌లో ఆ కీని పదిసార్లు నకలు చెయ్యాలి. స్పార్క్ 3.0 నుంచి ఉన్న అడాప్టివ్ ఎగ్జిక్యూషన్ ఇలాంటి పార్టిషన్‌లను తానే విడగొట్టగలదు, 3.2 నుంచి డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. అది ఉందని, దశల మధ్య డేటాను ఎన్ని ముక్కలు చెయ్యాలో చెప్పే షఫుల్ పార్టిషన్‌ల డిఫాల్ట్ 200ని మర్చిపోకండి, కొన్ని వందల కోర్లున్న క్లస్టర్‌కి ఆ అంకె చిన్నది.

దశల మధ్య అందరూ ఆగే చోట్లను కూడా లెక్కపెట్టండి. పంక్తి భోజనంలో చివరి మనిషి ముగించేదాకా ఎవరూ లేవనట్టే, ప్రతి దశ చివరా అతి నెమ్మది వర్కర్ కోసం అందరూ ఆగుతారు. అయిదు దశలుంటే ఇలా చివర్లో ఆగే తోకలు అయిదు. ఓసీఆర్ మొత్తం ముగిసేదాకా ఆగకుండా, ముగిసిన ముక్కకు ముగిసినట్టే మాటల లెక్క మొదలుపెడితే ఒక తోక తగ్గింది.

ఒకదానిమీద ఒకటి ఆధారపడే ముక్కలు చిక్కగా అల్లుకుపోతే, ఒకదాని తర్వాతే ఇంకోటి చెయ్యాల్సిన అత్యంత పొడవైన గొలుసు చూడండి, ఎన్ని కోర్లున్నా దానికంటే త్వరగా ముగియదు. ఇలాంటి పనికి సొంత క్యూ రాసుకోవద్దు. ఎంఐటీలో 1990లలో వచ్చిన సిల్క్ నుంచి జావా ఫోర్క్ జాయిన్, ఇంటెల్ టీబీబీ, గో రన్‌టైమ్ దాకా అందరూ వాడుతున్న వర్క్ స్టీలింగ్ వాడుకోండి. ఇందులో ఒక్కో వర్కర్‌కీ సొంత క్యూ ఉంటుంది, తనది ఖాళీ అయినప్పుడు మాత్రమే పక్కవాడి క్యూలోంచి దొంగిలిస్తాడు.

అడుగు 11: లాగ్ చూసి ఎక్కడ ఆగాలో తేల్చుకోండి

ప్రతి ముక్కకూ వర్కర్ పేరు, మొదలైన సమయం, ముగిసిన సమయం ఒక లైన్‌గా రాయించండి. గ్నూ ప్యారలల్‌లో జాబ్‌లాగ్ ఆప్షన్ ఇస్తే ఇది ఊరికే వస్తుంది. తర్వాత రెండు లెక్కలు చాలు. మొదటిది, అందరికంటే ఎక్కువ పని చేసిన వర్కర్ సమయాన్ని సగటు వర్కర్ సమయంతో భాగించండి. 1.05 లోపు ఉంటే పంపకం బాగున్నట్టే. 1.3 దాటితే ముక్కలు పెద్దవిగా ఉన్నాయి, లేదా వరుస తప్పు. రెండోది, మొత్తం అసలు పనిని కోర్ల సంఖ్యతోనూ పట్టిన సమయంతోనూ భాగించండి. మన పని 55 నిమిషాల్లో ముగిస్తే ఇది 0.95కి దగ్గర.

మొదటి అంకె బాగుండి రెండోది 0.6 దగ్గర ఉంటే షెడ్యూలింగ్‌ని వేలు పెట్టి కదపకండి. పంపకం సరిగ్గానే ఉంది, ప్రతి వర్కరూ సమానంగా నెమ్మదిగా ఉన్నాడంతే. డిస్క్, మెమరీ, ఎక్కువైన థ్రెడ్‌లు, ఈ మూడింట్లో ఒకటి కారణం. ఒకే మెషీన్‌లో వర్కర్లను సగానికి తగ్గించి, ఒక్కో పేజీకి పట్టే సమయం తగ్గిందేమో చూడండి. తగ్గితే ఆ మెషీన్ లోపలే పోటీ ఉంది, మళ్లీ రెండో అడుగుకు వెళ్లాలి. తగ్గకపోతే నెట్‌వర్క్ డిస్క్‌ని అనుమానించి తొమ్మిదో అడుగుకు వెళ్లండి.